బియ్యం గదిలో స్టూడియో

అక్టోబర్ 26, ఆదివారం

ఆనందం! ఆనందం! ఇంకో మాట తోచడం లేదు!

ముందు సంగతి రాయాలి. మా అమ్మాయి సృజనకు పెళ్లి కుదిరింది. నవంబర్ 23న ముహూర్తం. అబ్బాయి పేరు వాసు. ఇద్దరికీ మెట్రో రైల్లోనే ఉద్యోగం. అబ్బాయి వాళ్లది శ్రీకాకుళం వైపు, ఎప్పుడో వచ్చి సికింద్రాబాదులో కార్ఖానా అనే బస్తీలో స్థిరపడ్డారు. పెళ్లి మాట ఎత్తితే లేచి అవతలికి నడిచే పిల్ల, ఒక రోజు నా పక్కన కూర్చొని టీ తాగుతూ "నానా, నేను పెండ్లి జేసుకుంట" అన్నది. కొత్తిమీర కట్ట తెస్తా అన్నంత మామూలుగా! ఆ రోజు నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. పాలవాడికి చెప్పాను. పాలవాడి తమ్ముడికీ చెప్పాను.

ఇవాళ అంతకన్నా పెద్ద సంగతి జరిగింది. సృజన ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. లోపల మైకు, మైకును నిలబెట్టే స్టాండు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు, వైర్లు, ఆ వైర్లన్నీ గుచ్చే చిన్న డబ్బా. వాసు తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు. ఇంట్లోనే స్టూడియో అట! నాకు! సీతాఫల్‌మండిలో!

"ఏందమ్మా గిదంత?" అన్నాను.

"నలభై ఏండ్లు అందరి పెండ్లిళ్లల్ల అందరి పాటలు వాయించినవ్ నానా. నా బరాత్‌ల మాత్రం నీ పాట గావాలె. నువ్వు కట్టింది. ఎవ్వలు ఇననిది."

నేను బరాత్, అంటే పెళ్లి ఊరేగింపు, ముందు నడిచే బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించినవాణ్ణి. మెట్టుగూడ న్యూ మోతీ బ్యాండ్. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, నెత్తిన టోపీ. సికింద్రాబాదులో నేను ఊదని గల్లీ లేదు. కానీ సొంత పాట కట్టమని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగింది నా బిడ్డ! కళ్లు తుడుచుకోవడానికి లోపలికి పోతే, మా ఆవిడ విజయమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ కనిపించింది. మంచిదే అయింది, కారణం చెప్పే పని తప్పింది.

ఈ పుస్తకం కూడా సృజనే ఇచ్చింది. రోజూ చేసిన పని రాస్తే పని ఆగదట. ఏడో తరగతి చదువు నాది. తప్పులుంటే మన్నించాలి. ఎవరు మన్నించాలో తెలియదు. అయినా మన్నించాలి.

తీర్మానం:

రోజూ పొద్దున ఐదింటికి లేవడం.
ఏడు దాకా స్టూడియోలో కూర్చోవడం. కదలకూడదు!
పదిహేనో తేదీకల్లా పాట పూర్తి. ఆ తర్వాత సామ్యూల్ దాన్ని బ్యాండుకు నేర్పుకుంటాడు. (సామ్యూల్ నా జోడీ. పెద్ద డోలు వాయిస్తాడు. ఇప్పుడు బ్యాండు నడిపేదీ అతనే.)
టీ ఒక్కసారే.

ఇంత సుఖమైన పని లోకంలో ఉంటుందా!

అక్టోబర్ 27, సోమవారం

స్టూడియోకు గది దొరికింది. బియ్యం గది. కిటికీ లేదు కాబట్టి రోడ్డు చప్పుడు రాదు. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు, పాత కూలరు ఉంటాయి. వాటికి నోరు లేదు.

గోడలకు గుడ్ల అట్టలు కొడితే శబ్దం గుంజుకుంటుందని వాసు ఫోన్‌లో చూపించాడు. నేను సంచి పట్టుకొని బయలుదేరాను. విజయమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"కార్తీక మాసంల ఇంట్లకు గుడ్ల అట్టలా? దీపం పెట్టే చేత్తోటి నేను గవి ముట్టాల్నా?"

"గుడ్లు ఉండయే. ఉత్త అట్టలు."

"గుడ్డు కూసున్న జాగ గద!"

ఈ మాటకు జవాబు కోసం వాసు మళ్లీ ఫోన్ తీశాడు. కంప్యూటర్లో వెతికినా దొరకదు. చివరికి ఇంట్లో ఉన్న బొంతలు, రగ్గులు, దుప్పట్లు అన్నీ దించి నాలుగు గోడలకూ మేకులు కొట్టి వేలాడదీశాం. మా అత్తగారు పాత చీరలతో కుట్టిన ఎర్ర బొంత తలుపుకు. వాసు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

"సూపర్ మామయ్యగారూ! సౌండ్ మొత్తం డెడ్ అయిపోయింది!"

శుభమా అని మొదలుపెడుతుంటే ఆ మాట ఎందుకో అనుకున్నాను. కానీ అబ్బాయి ముఖం వెలిగిపోతోంది. నేనూ చప్పట్లు కొట్టాను.

తలుపు మీద సుద్దతో రాశాను: నిశ్శబ్దం.

అక్టోబర్ 28, మంగళవారం

మొదటి రోజు!

ఐదింటికి కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది, అంటే రికార్డు అవుతోందట. క్లారినెట్ మూతికి ఉండే పలచని పుల్లను, అంటే రీడును, నోట్లో తడిపి బిగించి, తడి ముక్క ఊదాను. తడి ముక్క అంటే పాట కాదు. రీడుకు తడి సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఊదే నాలుగు స్వరాలు, ఒక చిన్న ఒంపు. ఏ బరాత్‌కు పోయినా ముందు ఇంట్లోంచి బయలుదేరుతూ, తిరిగి వస్తూ మూలమలుపు దగ్గర, అది ఊదుకోవడం నా అలవాటు. చెప్పులు విదిలించి తొడుక్కోవడం లాంటిది.

తడి బాగా పట్టింది. మైకులో నా ఊపిరి నాకే ఎంత దగ్గరగా వినిపించిందో! దేవుడి గదిలో నిలబడినట్టు అనిపించింది.

తర్వాత పాట రావాలి.

రాలేదు.

మొదటి రోజు కదా! పాట అంటే చుట్టం. పిలిచిన రోజే దిగుతుందా! రేపు వస్తుంది. బొంతల మధ్య చెమట మాత్రం బాగా వచ్చింది.

అక్టోబర్ 30, గురువారం

వాసు సాయంత్రం వచ్చి ఇప్పటిదాకా రికార్డు అయినవన్నీ వినిపించాడు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మొదటిది: తడి ముక్క. తర్వాత చాలాసేపు ఊపిరి.
రెండోది: తడి ముక్క. కుక్కర్ విజిల్. కుక్కర్ విజిల్.
మూడోది: తడి ముక్క. తలుపు కిర్రుమన్న చప్పుడు. విజయమ్మ గొంతు: "జెర జరుగు, బియ్యం దీస్కుంట. నీ పాట మీద కాలు వెట్టలేదు గద?"

సృజన పడీ పడీ నవ్వింది. "అమ్మ మంచిగ పాడింది నానా!" అన్నది. విజయమ్మ మళ్లీ పెట్టమని రెండుసార్లు విన్నది. తన గొంతు ఇంత గట్టిదని ఇన్నాళ్లూ తెలియదట. నాకు తెలుసు.

తప్పు కుక్కర్‌ది. రేపటి నుంచి వంట ఏడు తర్వాత.

నవంబర్ 1

తప్పు కుర్చీది. ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంటుంది. చెక్క స్టూలు తెచ్చాను.

అదే రోజు, మధ్యాహ్నం: తప్పు రీడుది. జనరల్ బజారుకు పోయి కొత్తది తెచ్చాను. వస్తూ పెళ్లికి రుమాళ్లు, విజయమ్మకు గాజులు, సృజనకు ఇష్టమని జామపళ్లు తెచ్చాను. ఇది స్టూడియో పనిలోకే వస్తుంది, ఎందుకంటే వెళ్లింది రీడు కోసం.

నవంబర్ 3, సోమవారం

కార్తీక సోమవారం. విజయమ్మకు ఉపవాసం. కుక్కర్ లేదు, తాలింపు లేదు, మాటలు కూడా తక్కువ. కొత్త రీడు. కొత్త స్టూలు. ఇల్లంతా చలిమిడి ముద్దలా మెత్తగా ఉంది. ఈ రోజు రాక ఎక్కడికి పోతుంది అని కూర్చున్నాను.

రాలేదు.

మరీ నిశ్శబ్దం ఎక్కువైంది. ఇంత నిశ్శబ్దంలో ఎవరికైనా ఏం తోస్తుంది? కాస్త కుక్కర్ ఉండాల్సింది.

నవంబర్ 5, బుధవారం

సామ్యూల్ వచ్చాడు. స్టూడియో చూసి బొంతలు నిమిరాడు. "అన్నా, ఇక్కడ పండుకుంటే నిద్ర మస్తు పడ్తది" అన్నాడు. అది నిజం. నిన్న పడింది.

"పాట ఏమైందన్నా? పోరగాండ్లకు నేర్పాలె గద."

"వస్తున్నది."

"ఏం పాట?"

"గదే తెల్వది సామ్యూల్. పేరు లేని పాట."

సామ్యూల్ టీ గ్లాసు కింద పెట్టాడు. "పేరు లేకుంటే ఎట్లొస్తదన్నా? మనం ఎన్నడన్న ఉత్తగ వాయించినమా? పబ్లిక్ల కెల్లి ఒగడు ఫర్మాయిష్ జెప్తడు, ఫలానా పాట కొట్టు మాస్టర్ అని. గప్పుడు చేతులు ఆడ్తయి. నీ చెవుల ఒగ పాట పేరు వడాలె."

ఆలోచిస్తే నిజమే! నలభై ఏళ్లలో ఎవరూ అడగనిది ఒక్కటీ నేను ఊదలేదు. గుర్రం మీద పెళ్లికొడుకు, ముందు డాన్సు చేసే దోస్తులు, వాళ్లలోంచి ఒక కేక, నా వేళ్లు వాటంతట అవే పరుగు. బియ్యం బస్తా కేక వేయదు.

విజయమ్మ పూర్ణిమ దీపాలకు వత్తులు చేసుకుంటూ వింటోంది. తల ఎత్తకుండా అన్నది:

"పేరు సంగతి తర్వాత. నువ్వు ఎన్నడన్న కూసొని వాయించినవా అయ్యా?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

లేదు! పెళ్లి ఇంటి నుంచి హాలు దాకా, హాలు నుంచి ఇంటి దాకా, నలభై ఏళ్లూ నడుస్తూనే! అడుగు పడితే ఊపిరి, ఊపిరి పడితే స్వరం. కూర్చుంటే నా క్లారినెట్ వట్టి కట్టె. తీర్మానంలో "కదలకూడదు" అని రాసింది ఎవరు? నేనే! ఎంత తెలివి!

దొరికింది! తప్పు దొరికింది! రేపటి నుంచి నడుస్తాను! సామ్యూల్‌ను కౌగిలించుకున్నాను. విజయమ్మను కూడా కౌగిలించుకోబోతే, ఉపవాసంల ఉన్న, దూరం పో అన్నది.

నవంబర్ 6, గురువారం

బియ్యం గదిలో నడక: బస్తా దగ్గర నుంచి సిలిండరు దాకా. మలుపు. సిలిండరు నుంచి బస్తా దాకా. తడి ముక్క ఊదాను. నిజం చెప్తున్నాను, దాని తర్వాత ఏదో కదిలింది! లోపల ఒక చిన్న తలుపు తెరుచుకున్నట్టు! రెండో మలుపులో వైరు కాలికి చుట్టుకుంది. మైకు వెళ్లి బియ్యంలో పడింది.

వాసు వచ్చి మైకులోంచి గింజలు దులిపాడు. రికార్డు విని అడిగాడు:

"మామయ్యగారూ, డ్రమ్స్ కూడా యాడ్ చేశారా? బేస్ బాగుంది."

అవి నా అడుగులు.

నవంబర్ 8, శనివారం

నడవాలి, కానీ గది చాలదు. కాబట్టి బజారుకు పోవాలి! ఫోను చొక్కా జేబులో పెట్టి రికార్డు నొక్కి, క్లారినెట్ తీసుకొని పొద్దున్నే బయలుదేరాను. చలి గాలి. రైల్వే గేటు వైపు నడుస్తూ తడి ముక్క ఊదాను. వస్తోంది, పాట వస్తోంది, అదిగో...

"మాస్టర్! పాము ఆడే పాట కొట్టుండ్రి!"

ఆటో డ్రైవరు. నేను వద్దనుకున్నాను. వేళ్లు ఆడేశాయి. డ్రైవరు ఆటోలో కూర్చొనే పడగ విప్పాడు.

అది అయిపోగానే ఇడ్లీ బండి దగ్గర ఒకతను ఇంకొకటి అడిగాడు. తర్వాత స్కూలు పిల్లలు. తర్వాత లాలాగూడ దగ్గర ఎవరో కొత్త స్కూటరుకు పూజ చేయిస్తున్నారు. బ్యాండు మాస్టర్ సమయానికి వచ్చాడు, శకునం బాగుంది అని పట్టుకొని గల్లీ చుట్టూ మూడుసార్లు తిప్పారు. నేను ఊదుతూ, వెనక స్కూటరు. శాలువా కప్పి లడ్డూలు ఇచ్చారు.

ఇంటికి వచ్చేసరికి పదకొండు. జేబులో ఫోను రికార్డు చేసింది నా చొక్కా చప్పుడు.

"పాట దెస్తనని పోయి లడ్లు దెచ్చినవ్" అన్నది విజయమ్మ.

కూర్చుంటే రాదు. నడిస్తే వస్తుంది, కానీ మనుషులు అడ్డం వస్తారు. మనుషులు లేని నడక ఎక్కడుంది? శాలువా మాత్రం మంచిది. ఆరో బొంతగా గోడకు కొట్టాను.

నవంబర్ 11, మంగళవారం

వియ్యపురాలు అచ్చియమ్మ గారు ఆటోలో వచ్చారు. ఆమె మాట నాకు చాలా ఇష్టం. పాడినట్టు ఉంటుంది.

"అన్నయ్యగారూ, నానేటి సెప్పను! పెళ్లికింకా పన్నెండు రోజులుంటే మా వోలు అప్పుడే దిగిపోనారు. రాత్రి సలి సంపేస్తంది. మీ కాడ దుప్పట్లేటన్నా ఉంటే సర్దండి బాబూ."

"ఉన్నయి గాని స్టూడియోల ఉన్నయి చెల్లెమ్మా" అన్నాను.

ఆమె వెళ్లి గది చూశారు. నాలుగు గోడలకూ వేలాడుతున్న బొంతలు చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఓలమ్మో, మనుషులు సలికి వణుకుతుంటే గోడలకి కప్పినారేటండీ!"

మేకులు పీకాను. తూర్పు గోడ, ఉత్తర గోడ అప్పజెప్పాను. అదే ఆటోలో కార్ఖానాకు పోయాయి.

ఫర్వాలేదు. పాత రోజుల్లో రెండు గోడలతోనే పాడేవారేమో. ఎవరు చూశారు!

నవంబర్ 13

ఇవాళ కార్డులు పంచాం. రాయడానికి తీరిక లేదు. రాయడానికి ఏమీ కూడా లేదు.

నవంబర్ 14, శుక్రవారం

మా చెల్లెలు ప్రేమమణి కుటుంబంతో దిగింది. పడమటి గోడ, దక్షిణం గోడ, తలుపు బొంత పోయాయి. స్కూటరు శాలువా ఆమే కప్పుకుంది. పడక కూడా బియ్యం గదిలోనే. పొద్దున ఐదింటికి అలవాటు కొద్దీ తలుపు తీశాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని పడుకుంది!

"ఏం ఇంటున్నవే?" అన్నాను.

"ఏం ఇంటలేనన్నా. చెవులకు సలి వెట్టకుంట మంచిగున్నయి. గిసుంటియి యాడ దొరుకుతయి?"

నవంబర్ 15, శనివారం

పాట పూర్తి కావలసిన రోజు.

సృజన ఆఫీసు నుంచి వచ్చి నా పక్కన కూర్చున్నది. పెళ్లి కబుర్లు ఏవేవో చెప్పింది. చివర మెల్లగా అడిగింది:

"పాట అయిందా నానా?"

"అయిపోవచ్చిందమ్మా."

"నాకు ముందుగాల ఇనిపియ్యకు. బరాత్‌లనే ఇంట." ఎంత ముచ్చటగా నవ్విందో!

ఆమె లోపలికి వెళ్లాక నేను చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. పట్టుచీర తనే కొనుక్కుంది, హాలు వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. నన్ను అడిగింది ఒక్కటి. పైకం పెట్టి కొనలేనిది కాబట్టి నన్ను అడిగింది. అది నా దగ్గర లేదు.

ఇవాళ ఆనందం అని రాయడం లేదు.

నవంబర్ 18, మంగళవారం

స్టూడియో ఖతం.

మైకు స్టాండుకు పూలదండలు తగిలించారు. ఎత్తు సరిగ్గా ఉందట. వైర్ల డబ్బా అరిసెల డబ్బా కింద ఉంది. ల్యాప్‌టాప్ మీద గరిజెల పళ్లెం. "నిశ్శబ్దం" అన్న అక్షరాల మీద ఎవరో పిల్లలు పసుపు చేతులు వేశారు. లోపల పదిమంది ఆడవాళ్లు లడ్డూలు చుడుతూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

ఒక్క నిమిషం తలుపు దగ్గర నిలబడి విన్నాను. బాగుంది. రికార్డు చేద్దామంటే మైకుకు దండలు.

నవంబర్ 20, గురువారం

ఇక దాచలేకపోయాను. సృజన గోరింటాకు పెట్టుకొని రెండు చేతులూ గాలిలో చాపి కూర్చుంది. ఎటూ లేచి పోవడానికి వీల్లేదు కదా అని అప్పుడే చెప్పాను.

"బిడ్డా, పాట రాలే. శాన జూసిన. కూసొని జూసిన, నడిసి జూసిన. రాలే."

కోపం వస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా వైపు చూసి, "ముక్కు మీద దురద వెడ్తుంది నానా, జెర గోకు" అన్నది. గోకాను.

"నువ్వు ఎన్నడన్న ఎవ్వరి బరాత్‌కన్న లేట్ వోయినవా?"

"లేదు."

"మరి? నా బరాత్‌కు సుత పోవు తియ్."

ఈ పిల్లకు ఇంత నమ్మకం ఎక్కడ నుంచి వచ్చింది? నా నుంచి మాత్రం కాదు. నా ధైర్యం అంతా ఊపిరితిత్తుల్లోనే ఉంది.

నవంబర్ 24, సోమవారం

కలం ఆగడం లేదు. ఆనందంతో! అన్నీ ఒకేసారి వచ్చేస్తున్నాయి. వరుసగా రాస్తాను.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. పొద్దున ముహూర్తం, మధ్యాహ్నం భోజనాలు, పొద్దు వాలేవేళ బరాత్. హాలు నుంచి చిలకలగూడ చౌరస్తా దాకా మేళంతో నడక, అక్కడి నుంచి కార్లలో కార్ఖానాకు. పూల కారులో సృజన, వాసు. ముందు సామ్యూల్ బ్యాండు. నేను పట్టు చొక్కా, జరీ పంచెతో కారు పక్కన నడుస్తున్నాను, చేతులు ఊరికే. నలభై ఏళ్లలో మొదటిసారి బరాత్‌లో నా చేతులు ఖాళీ! ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి కట్టుకున్నాను, ముందుకు తెచ్చాను, ఎవరి పిల్లనో ఎత్తుకున్నాను.

ఫర్మాయిష్‌లు మొదలయ్యాయి. వాసు దోస్తులు ఒకటి అడిగారు, మా గల్లీ వాళ్లు ఇంకొకటి. పాము ఆడే పాట కూడా అయింది. వియ్యపురాలు నడుము మీద చెయ్యి వేసి రెండు అడుగులు వేశారు. చౌరస్తా దగ్గర పడుతోంది. నేను కారు వైపు చూడలేకపోతున్నాను.

అప్పుడు కారు అద్దం కిందికి దిగింది. బాసికం కట్టిన తల బయటకు వచ్చింది. నా బిడ్డ, పెళ్లికూతురు, సికింద్రాబాదు రోడ్డు మీద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని కేక వేసింది:

"మాస్టర్! మా నాన పాట కొట్టుండ్రి!"

బ్యాండు ఆగింది. అందరూ ఆగారు. సామ్యూల్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

విజయమ్మ నా పక్కకు వచ్చింది. తాంబూలం సంచిలో చెయ్యి పెట్టి, తమలపాకుల కింది నుంచి నా క్లారినెట్ తీసింది! పొద్దుటి నుంచి మోస్తోంది! "చేతులు ఊకె ఉంటె సూడ బుద్ధయితలేదు. పట్టు" అన్నది.

"అన్నయ్యగారూ, పిల్ల తండ్రి మీరు వాయిస్తారేటండీ!" అని వియ్యపురాలు నోరు తెరిచారు.

ఏం వాయించాలి? పాట లేదు. పైగా రీడు ఆరిపోయి ఉంది. ముందు తడి చూసుకోవాలి కదా. రీడు తడిపి, బిగించి, అలవాటు కొద్దీ ఒక అడుగు వేసి, తడి ముక్క ఊదాను. ఆ నాలుగు స్వరాలు, ఆ చిన్న ఒంపు.

సైడు డ్రమ్ముల వాళ్లు కొత్తవాళ్లు. నా అలవాటు తెలియదు. అదే పాట అనుకున్నారు! ధడధడమని అందుకున్నారు! నేను కాదు, ఆగండి అని చెయ్యి ఊపాను. ఇంకా జోరుగా కొట్టమంటున్నాననుకున్నారు. సామ్యూల్‌కు తెలుసు అది ఏమిటో. నవ్వు ఆపుకోలేక భుజాలు ఊగుతున్నాయి. ఊగుతూనే పెద్ద డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు. ఇక వెనక్కి తిరిగేది లేదు!

మళ్లీ ఊదాను అదే ముక్క. అడుగు పడింది. అడుగు పడితే ఊపిరి పడింది. ముక్క చివర ఒంపు ఉంది కదా, ఎప్పుడూ అక్కడ ఆపేసేవాణ్ణి. ఈసారి ఆపడానికి వీలు లేదు, వెనక డోలు తరుముతోంది. ఒంపు మీద నుంచి ఇంకొక మెట్టు ఎక్కాను. అక్కడి నుంచి దిగడానికి దారి కనిపించింది. దిగితే మళ్లీ ముక్క దగ్గరికే వచ్చాను. బియ్యం గదిలో తెరుచుకోబోయి ఆగిన తలుపు ఇదే! ట్రంపెట్ వాళ్లు అందుకున్నారు. గల్లీ వాళ్లు అందుకున్నారు. వియ్యపురాలు కొంగు బిగించి ముందుకు వచ్చేశారు. "ఇది ఏ పాట?" "కొత్తది!" "ఎవలది?" "పెండ్లి పిల్ల నాయినది!" అన్న మాటలు నా చెవులతో విన్నాను.

చౌరస్తా వచ్చింది. ఆపాను. కారు దగ్గరికి పోయాను. సృజన కాటుక మొత్తం చెంపల మీద ఉంది. నవ్వుతోంది కూడా.

"అది పాట గాదు బిడ్డా. రీడు తడి చూసుకునుడు" అన్నాను. నిజం చెప్పాలి కదా.

"నాకు తెల్వదా నానా! చిన్నప్పుడు గిది వాకిట్ల ఇనవడితే నువ్వు బయలెల్లినట్టు. మల్ల మూలమలుపు కాడ ఇనవడితే నువ్వు ఇంటికొచ్చినట్టు. నేను లేసి తలుపు దీసేదాన్ని. గిది ఎవ్వలు అడిగిండ్రు నిన్ను? ఎవ్వలు అడగలే. నువ్వే వాయించుకున్నవ్. మరి నీ పాట గాక ఎవరిది?"

అద్దం పైకి లేచింది, దాని మీద నా చెయ్యి పెట్టాను. లోపల నుంచి తను పెట్టింది. కారు కదిలింది.

కార్ఖానా ఎంత దూరం? ఒక్క బస్సు. అయినా ఏడ్చాను. విజయమ్మ కూడా. దగ్గర్లో ఉల్లిగడ్డలు కూడా లేవు.

ఆనందం! ఆనందం!

నవంబర్ 26, బుధవారం

చుట్టాలు వెళ్లారు. ఇల్లు పెద్దదైపోయింది.

సృజన ఫోన్ చేసింది. "నానా, పాట మల్ల ఇందామని అందరి ఫోన్లు జూసినం. ఒక్క దాంట్ల సుత లేదు!" అందరూ నాచ్‌లో, అదే డాన్సులో, మునిగిపోయారట. మొదట అందరూ ఫోన్లు తీశారట, డోలు మోగగానే జేబుల్లో పెట్టేశారట. ఒక్క వీడియో ఉంది, దాంట్లో మా వియ్యపురాలి మోచెయ్యి కనిపిస్తుంది, ఎవరిదో ఈల వినిపిస్తుంది. వాసు ఫోన్ తీసుకొని చెప్పాడు: "మామయ్యగారూ, ఆ మొదటి ముక్క అయితే ల్యాప్‌టాప్‌లో ప్రతి ఫైల్లోనూ ఉంది. తర్వాతదే ఎక్కడా లేదు."

నాకు గుర్తుందా? కూర్చొని గుర్తు తెచ్చుకున్నాను. రాలేదు. లేచి వంటింటి దాకా నడిచాను. సగం వచ్చింది!

సాయంత్రం అచ్చియమ్మ గారు తాము తీసుకుపోయిన బొంతలన్నీ ఉతికి, మడతపెట్టి తెచ్చి ఇచ్చారు. మాఘమాసంలో వాళ్ల మేనకోడలి పెళ్లి అట. "అన్నయ్యగారూ, ఆ పాటే కావాలండి, ఇంకోటి వద్దు. రికార్డు సేసి ఇచ్చీయండి, మా ఊరి మేళపోలు నేర్చుకుంటారు" అన్నారు. ఫర్మాయిష్! నా పాటకు ఫర్మాయిష్!

కాబట్టి మళ్లీ తీర్మానం:

రోజూ పొద్దున ఐదింటికి లేవడం.
స్టూడియోలో కూర్చోకూడదు. నడవాలి. వాసు వైరు లేని చిన్న మైకు తెస్తానన్నాడు, చొక్కాకు పెట్టుకునేది.
సంక్రాంతికి ముందే పాట పూర్తి.
టీ రెండుసార్లు.

బొంతలు మళ్లీ గోడలకు కొట్టాను. విజయమ్మ కూడా మేకులు అందించింది. బియ్యం బస్తా కొత్తది వచ్చింది, కాబట్టి నడక దారి కొంచెం ఇరుకైంది. ఫర్వాలేదు.

ఇప్పుడే ఒక చిక్కు తోచింది. పాట మొదలుపెట్టే ముందు రీడు తడి చూసుకోవాలి. తడి చూసుకోవడానికి ఊదే ముక్క ఇప్పుడు పాట అయి కూర్చుంది. సాయంత్రం వాకిట్లో ఒకసారి ఊదితే ఎదురింటి పిల్లలు పరుగున వచ్చి డాన్సు మొదలుపెట్టారు! అంటే తడి చూసుకోవడానికి నాకు ఇంకో కొత్త ముక్క కావాలి. ముందు అది కట్టాలి. అది అయ్యాకే పాట.

నాలుగు స్వరాలు, ఒక చిన్న ఒంపు. ఎంతసేపు పడుతుంది! రేపు పొద్దునకల్లా వచ్చేస్తుంది!